గుఱ్ఱపు పందెములు - మందుల నిషేధము

భారతకథలలో నలోపాఖ్యానము నెఱుగని తెలుగు కుటుంబము లేదనవచ్చును. అందు నలుడు బాహుకుడను మాఱుపేరుతో అయోధ్యాపతియైన ఋతుపర్ణునియొద్ద సారథిగా నుండెను. ఒక్క దినములో విదర్భ చేరవలసివచ్చినపుడు అతడు అశ్వశాలనుండి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చెను. ఈ డొక్కలెండిన గుఱ్ఱములతో అంత దూరమెట్లు పోగలమని రాజు కోపించెను. నలుడు వాని సుడులను చూపి, అవియే పోగలవని చెప్పి తోలెను. రథము గాలివలె సాగెను. త్రోవలో రాజు ఒక తాండ్రచెట్టు కాయలను చూచినమాత్రమున లెక్క చెప్పగా నలుడు ఆశ్చర్యపడెను. అప్పుడు వారిద్దఱును తమ విద్యలను మార్చుకొనుటకు ఒడబడిరి. రాజు అక్షహృదయమును, అనగా జూదపు రహస్యమును, నలునకిచ్చెను. అశ్వహృదయమును, అనగా గుఱ్ఱపు మనసెఱిగి నడపు విద్యను, అతనినుండి పొందుటకు అంగీకరించెను.

ఈ రెండు విద్యలును ఒక్కచోట కలసియుండు స్థలము గుఱ్ఱపు పందెముల మైదానము. గుఱ్ఱమును పెంచువాడు, శిక్షించువాడు, ఎక్కువాడు అశ్వహృదయము నెఱిగినవారు. గోడ కివతల చీట్లు చేతబట్టుకొని నిలుచువారు అక్షహృదయమును వెదకువారు. ఈ రెండవ విద్య మొదటిదానిని లోబఱుచుకొన్ననాడు గుఱ్ఱమునకు దొంగచాటుగా మందు పెట్టుట మొదలగును. దానినే ఇప్పుడు డోపింగ్ అందురు.

ఈ మందులను నిషేధించు నియమములకు రెండువందల ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్రను చదువునపుడు మేమొక ప్రశ్నను వెంట బెట్టుకొని చదివితిమి: ఈ నియమము ఎవరిని కాపాడుటకు పుట్టినది? దొరికిన సమాధానము ఇది. అది మొదట యజమాని సొత్తును కాపాడెను. పిమ్మట పందెగాని డబ్బును కాపాడెను. గుఱ్ఱమును కాపాడవలెనను తలంపు కట్టకడపట వచ్చెను. ఇంకను పూర్తిగా రాలేదు. ఈ మాటను చదువరులకు నిదర్శనములతో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా పదార్థమును విచారింతము. డోపు అను మాట డచ్చిభాషలో చిక్కని పులుసునకు పేరు. అది అమెరికాకు పోయి నల్లమందు పాకమునకును, అటుపిమ్మట గుఱ్ఱములకు రహస్యముగా పెట్టు మందునకును పేరైనది. ఈ మందులు పలు తెఱగులు. కొకెయిను, స్ట్రిక్నిను, కెఫీను మొదలగునవి కొంతసేపు ఉద్రేకము కలిగించును. నిద్రమందులు ఇందుకు విరుద్ధమైనవి. అందఱును గెలుచునని నమ్మిన గుఱ్ఱము ఓడిపోయినచో, దానిపై పందెము పుచ్చుకొన్న బుకీలకు లాభము గనుక, ఓడించుటకై వానిని పెట్టుదురు. కండను పెంచుటకు స్టెరాయిడ్లు, రక్తకణములను పెంచుటకు ఎరిత్రోపోయిటిన్ అను సూదిమందు వాడువారు కలరు. వంటసోడాను చక్కెరతో నీటిలో కలిపి, ముక్కునుండి గొట్టము వేసి కడుపులోనికి పోయుటకూడ కలదు. కండలలో పుట్టు ఆమ్లమును అది విఱుచునని వారి నమ్మిక.

వీనన్నిటికంటె క్రూరమైనవి నొప్పి తెలియకుండజేయు మందులు. పందెపు గుఱ్ఱము దాదాపు 500 కిలోల బరువుండును. అది దౌడుతీయునపుడు ఆ బరువంతయు ఒక్కొక్క క్షణము ఒక్క కాలిమీదనే పడును. కాలు బెణికినను, ఎముకలో సన్నని చీలిక యేర్పడినను, నొప్పిచేత గుఱ్ఱము తానే పరుగు తగ్గించుకొనును. నొప్పి దానికి ప్రకృతి యిచ్చిన కావలి. మందు ఆ కావలిని నిద్రపుచ్చును. గుఱ్ఱము తన కాలు బాగున్నదనుకొని పరుగెత్తును, చీలిక విఱుగుడగును. కాలు విఱిగిన గుఱ్ఱము పెక్కుసార్లు మరల లేవదు. అక్కడనే దానిని చంపివేయుదురు. మీద కూర్చున్న రౌతు ప్రాణమునకును అపాయమే.

మన పూర్వులు గుఱ్ఱమునకు మందీయుటనుగూర్చి ఆలోచింపకపోలేదు. శాలిహోత్రుని పేరిటను, నకులుని పేరిటను సంస్కృతమున అశ్వశాస్త్రములు కలవు. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసము వ్రాసెను. కౌటిల్యుడు అర్థశాస్త్రములో అశ్వాధ్యక్షుడను అధికారిని ఏర్పఱచి, గుఱ్ఱపు మేతను కొలతలతో సహా నిర్ణయించెను; సురనుగాని, దానికి రెట్టింపు పాలనుగాని త్రాగింపవలెనని కూడ చెప్పెను. కాబట్టి గుఱ్ఱమునకు మత్తుపదార్థమిచ్చుట పూర్వము వినని విషయము కాదు. అయితే ఆ యిచ్చుట బహిరంగము. అధికారి లెక్కలో వ్రాయబడినది. అంతేకాదు, చికిత్సలోని దోషముచేత రోగము ముదిరినచో వైద్యునకు చికిత్సకైన వ్యయమునకు రెట్టింపు దండువును, అతని తప్పుచేత గుఱ్ఱము చచ్చినచో గుఱ్ఱపు వెలయంతయు దండువును కౌటిల్యుడు విధించెను. ఈ మాటను చదువరులు గుర్తుంచుకొందురుగాక. చివర దీనితో పని కలదు.

అయినను ఆ కాలపు గుఱ్ఱము రాజు సొత్తు. దానిని కాపాడుట ఖజానాను కాపాడుటయే. మా తిరుచానూరికి కొలది మైళ్ళలోనున్న చంద్రగిరినుండి రాజ్యము విస్తరించిన సాళువ నరసింహుని గూర్చి నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు ఒక వింత వ్రాసియున్నాడు. ఆ రాజు సముద్రముమీద వచ్చు గుఱ్ఱములను చచ్చినవానినికూడ కొనెడివాడట. ఓడలో చచ్చిన గుఱ్ఱపు తోకను తెచ్చి చూపినను, బ్రతికినదానికి వలెనే వెల యిచ్చెడివాడట. సైన్యమునకు గుఱ్ఱములు అంత యవసరము. తోకకు వెలకట్టిన ఆ లెక్కలో గుఱ్ఱము వస్తువే కాని ప్రాణి కాదు. ఆ దృష్టి మన దేశమునకు మాత్రమే చెందినది కాదని ఇంగ్లండు చరిత్ర తెలుపుచున్నది.

పందెములకు పేరుబడ్డ న్యూమార్కెట్ అను ఊరిలో 1811లో గుఱ్ఱములు నీళ్ళు త్రాగు తొట్లలో పాషాణము కలుపబడెను. కొన్ని గుఱ్ఱములు చచ్చెను. డేనియల్ డాసన్ అనువాడు పట్టుబడి, 1812 ఆగస్టులో కేంబ్రిడ్జిలో బహిరంగముగా ఉరితీయబడెను. అతనిచేత ఆ పని చేయించిన జూదరులు శిక్ష తప్పించుకొనిరి. ఒక మనుష్యుని ఉరితీసిన యా శాసనము దయచేత పుట్టినదని యెవరైన తలంతురేమో! అది పరుల సొత్తును చెఱచినందుకు విధింపబడిన శిక్ష. మూగజీవములను హింసింపరాదను చట్టము ఆ దేశమున పుట్టుటకు ఇంకను పది సంవత్సరములు కావలసియుండెను. అది 1822 నాటిది.

పందొమ్మిదవ శతాబ్దపు చివర అమెరికానుండి కొందఱు శిక్షకులు ఇంగ్లండునకు వచ్చిరి. వారి చేతిలో పడిన పనికిరాని గుఱ్ఱములు కండ్లు మిటకరించుచు, చెమటలు కారుచు గెలువసాగెను. కొకెయిను పెట్టుచున్నారని అందఱకును తెలియును. కాని నిషేధించు నియమములేదు. అప్పుడు జార్జి లాంబ్టన్ అను పేరుగల శిక్షకుడు ఒక సాహసము చేసెను. ఆయన సోదరుడైన డర్హాము ప్రభువు పందెములను పాలించు జాకీ క్లబ్బులో పెద్ద. లాంబ్టన్ ఆ మందును సంపాదించి, చేయబోవుదానిని ముందుగా చెప్పి, తనయొద్దనున్న చేతకాని గుఱ్ఱములకు పెట్టి పరుగెత్తించెను. ఐదింటిలో నాలుగు గెలిచెను. ఒకటి రెండవదిగా వచ్చెను. పెద్దలు ఇక కండ్లు మూసికొనియుండుట కవకాశము లేకపోయెను. 1903లో మందు పెట్టుట నిషేధింపబడెను.

ఇక్కడ ఒక్కక్షణము నిలుతము. ఆ నిషేధము ఎందులకు వచ్చినది? గుఱ్ఱములు బాధపడుచున్నవని కాదు. పందెము కట్టినవారు మోసపోవుచున్నారని. ఏ గుఱ్ఱము మంచిదో దాని పూర్వపు పరుగులనుబట్టి ఊహించి డబ్బు కట్టువాడు, మందు లెక్కను ఎట్లెఱుగును? ఊహ తారుమారైనచో పందెముమీద నమ్మకము పోవును. నమ్మకము పోయినచో మైదానము పాడుపడును. ఇట్లు సొత్తును కాపాడు దశనుండి పణమును కాపాడు దశకు నియమము వచ్చెను.

నియమము పుట్టినంతమాత్రమున దొంగ దొరకడు. ఋజువు కావలెను. ఆ ఋజువును రసాయనశాస్త్రము ఇచ్చినది. 1910లో ఆస్ట్రియా జాకీ క్లబ్బువారు బుకోవ్‌స్కీ అను రసాయనజ్ఞుని వియన్నాకు పిలిపించిరి. అతడు గుఱ్ఱపు చొంగలో మందు జాడను కనిపెట్టగలనని చూపెను. కాని పద్ధతిని చెప్పనన్నాడు. విద్యను దాచుకొనువారు మన దేశమందే కాదు, అంతటను కలరు. అంతట వియన్నా విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రెంకెల్ ఆచార్యుడు తానే వేఱొక పద్ధతి కనిపెట్టి, 1910-11 సంవత్సరములలో రెండువందలకు పైగా పరీక్షలు చేసెను. అమెరికాలో మత్తుమందుల శాఖవారు 1933లో పందెపు సాలలపై దాడులు చేసిన పిమ్మట, 1934లో ఫ్లారిడాలో చొంగపరీక్ష నెలకొల్పబడెను. తరువాత మూత్రము, రక్తము, ఇప్పుడు వెండ్రుకలు కూడ పరీక్షింపబడుచున్నవి. గెలిచిన గుఱ్ఱపు నమూనాను రెండు పాలు చేసి, సీలు వేసి, ఒక పాలు పరీక్షించి, రెండవదానిని వివాదము వచ్చినచో మరల చూచుటకు దాచుదురు.

అయితే ఋజువు దొరికినను, పెట్టినవాడెవడను ప్రశ్న మిగులును. సాలలో సాయీసులుందురు, రౌతులుందురు, వైద్యులుందురు, వచ్చిపోవువారుందురు. ఈ చిక్కునకు ఇంగ్లండువారు చెప్పిన పరిష్కారము కఠినమైనది: గుఱ్ఱము ఎవని సంరక్షణలో నున్నదో వాడే ఉత్తరవాది. 1930లో డాన్ పాట్ అను గుఱ్ఱము కెంప్టన్ పార్కులో గెలిచెను; దానికి మందు పెట్టబడినదని పరీక్షలో తేలగా, శిక్షకుడు చాప్‌మన్ మైదానమునుండి బహిష్కృతుడయ్యెను. తానే మందు పెట్టినట్లు లోకమనుకొనునట్లు ప్రకటించిరని ఆయన వ్యాజ్యము వేసెను. జ్యూరీవారు గొప్ప నష్టపరిహారము విధించిరి. కాని 1932లో అప్పీలు కోర్టు ఆ తీర్పును చాలవఱకు త్రోసివేసెను. ఆ కఠిన నియమము నిలిచెను.

ఈ నియమము న్యాయమా? మేము విద్యార్థులను సంరక్షించు వృత్తిలోనున్నవారము గనుక ఈ ప్రశ్న మాకు దగ్గఱిది. పిల్లవానిని విహారమునకు తీసికొనిపోయిన ఉపాధ్యాయుడు, వాడు నీటిలో పడినపుడు, త్రోసినవాడను నేను కానని చెప్పి తప్పించుకొనజాలడు. నోరులేని ప్రాణిని చేతబట్టినవాడు దాని మేతకును, నీటికిని, మందునకును జవాబు చెప్పవలసినదే. కాని శిక్షయొక్క కొలత మాత్రము తప్పుయొక్క కొలతనుబట్టి యుండవలెను. 1979లో నో బాంబ్స్ అను గుఱ్ఱము సాయీసు చేతిలోని చాక్లెట్టును లాగుకొని తిన్నదట. చాక్లెట్టులోని థియోబ్రోమిను పరీక్షలో కనబడగా అది గెలిచిన బహుమానము పోయెను. ఇట్టిచోట బహుమానము పోవుట న్యాయమే; మనుష్యుని పేరు చెఱచుట న్యాయము కాదు.

ఇంకొక ఉదాహరణము శాస్త్రజ్ఞులకే గుణపాఠమైనది. 1967 ఫిబ్రవరిలో న్యూబరీలో హిల్ హౌస్ అను గుఱ్ఱము పండ్రెండు గుఱ్ఱపు పొడవుల దూరముతో గెలిచెను. జనులు కేకలు వేసిరి. పరీక్షలో కార్టిసాల్ కనబడెను. నెలల తరబడి విచారణ జరిగెను. కడకు తేలినదేమనగా, ఆ పదార్థమును ఆ గుఱ్ఱపు దేహమే అధికముగా పుట్టించుచున్నది! ఆగస్టులో శిక్షకుడు నిర్దోషియని తేల్చిరి. ఒక పదార్థము కనబడుట వేఱు, ఇచ్చుట వేఱు; దేహములో సహజముగా నుండు పదార్థములకు ఇంతకు మించరాదని మితి నేర్పఱచుట ఇట్టి యనుభవములనుండియే బలపడినది. పరీక్ష కావలెను, పరీక్షించువారికి వినయమును కావలెను.

ఇక మన దేశమునకు వత్తము. 1953 వఱకు మా చిత్తూరు జిల్లా చెన్నరాష్ట్రములోనిది. అప్పుడు గిండీ పందెములు మా ప్రాంతపు వారికి పొరుగూరి తిరునాళ్ళవంటివి. హైదరాబాదులో పందెములు 1868లో మౌలాలీలో మొదలై, 1886లో ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను కాలమున మలకుపేటకు మారినవి. 1358 ఫసలీలో, అనగా 1948-49లో, అక్కడ గుఱ్ఱపు పందెములపై పన్ను శాసనము పుట్టినది. ఇట్లు పందెమును రాజులు పోషించిరి. ప్రభుత్వములు పన్ను వేసినవి. కౌటిల్యుడును జూదమునకు అధ్యక్షుని నియమించి, గెలిచిన సొమ్ములో నూటికి ఐదు రాజునకు చెందవలెనన్నాడు. మన ప్రభుత్వము పందెపు పూర్తి మొత్తముపై 2023 అక్టోబరునుండి నూటికి 28 చొప్పునను, 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి నూటికి 40 చొప్పునను జి.ఎస్.టి. విధించినది.

చెన్నరాష్ట్రమున 1974లో పందెములను రద్దుచేయు చట్టము వచ్చెను. మద్రాసు రేస్ క్లబ్బు పక్షమున వివాదము సుప్రీంకోర్టుదాక పోయెను. 1996 జనవరిలో ఆ న్యాయస్థానము గుఱ్ఱపు పందెము అదృష్టముపై నడచు జూదము కాదు, ప్రావీణ్యముపై నడచునదని తీర్పు చెప్పెను. గుఱ్ఱపు వంశము, శిక్షణ, రౌతు నేర్పు, పూర్వపు పరుగులు - వీనిని తెలిసినవాడు తెలివిగా ఊహింపగలడు గనుక అది ప్రావీణ్యమని దాని తాత్పర్యము. నేడు దేశమున పందెములు చట్టసమ్మతముగా నడచుటకు ముఖ్యాధారము ఈ తీర్పే.

ఈ తీర్పును చదువరులు మాతోకూడ కొంచెము తరచి చూతురుగాక. పందెము ప్రావీణ్యమనుటకు ఆధారము గుఱ్ఱమును దాని నిజస్వరూపమున చూడగలుగుటయే గదా! మందు పెట్టిన గుఱ్ఱము తన రూపమును దాచిన గుఱ్ఱము. దానిని చూచి వంశము లెక్కించుటయు, పూర్వపు పరుగులు లెక్కించుటయు వ్యర్థము. కాబట్టి డోపింగు జరిగిన ప్రతి పరుగును ఆ తీర్పుయొక్క పునాదిరాతిని ఒకదానిని పెకలించుచున్నది. మందుల నియమములను గట్టిగా అమలుజరుపుట క్లబ్బులు దయతో చేయు పని కాదు. వారి యునికికే అది షరతు.

2017 మార్చిలో బెంగుళూరున క్వీన్ లతీఫా అను ఆడుగుఱ్ఱము గెలిచెను. దాని నమూనాలో ప్రొకెయిన్ కలదని ఢిల్లీలోని జాతీయ డోపు పరీక్షాలయమువారు తేల్చిరి. ప్రొకెయిన్ ఒకచోట తిమ్మిరి కలిగించు మందు. పెన్సిలిన్ సూదిమందులోకూడ కలుపుదురు. ఆ వ్యవహారము క్లబ్బు గడపదాటి పోలీసుల వఱకు పోయెను. ఎవరిది తప్పను విచారము మా పని కాదు. ఇందుండి మేము గ్రహించినదొక్కటే: చికిత్సకును మోసమునకును ఒకే మందు పనికివచ్చును గనుక, సాలలో ఇచ్చిన ప్రతి సూదికిని లెక్క వ్రాయబడి, ఆ లెక్క పందెమునకు ముందే బయటనుండవలెను. పరీక్షించువారిని పరీక్షించుటయు అవసరమే. ఆ ఢిల్లీ పరీక్షాలయముయొక్క గుర్తింపును ప్రపంచ డోపు నిరోధక సంస్థ 2019 ఆగస్టులో నిలిపివేసి, 2021 డిసెంబరులో మరల ఇచ్చెను. ఆ గుర్తింపు క్రీడాకారుల పరీక్షలకు సంబంధించినదే; అయినను కొలుచు కుంచమునే మొదట కొలిచి చూడవలెననుటకు అది సాక్ష్యము.

ఈ చరిత్రలో మూడవ దశ ఇటీవల అమెరికాలో కనబడుచున్నది. అక్కడ 1968లో కెంటకీ డెర్బీయను గొప్ప పందెమున మొదట వచ్చిన డాన్సర్స్ ఇమేజ్ అను గుఱ్ఱములో ఫినైల్‌బ్యూటజోన్ అను నొప్పిమందు కనబడి, దాని విజయము రద్దాయెను. ఆ పందెపు చరిత్రలో అట్లు జరుగుట అదియే మొదలు. వింత యేమనగా, కొన్ని సంవత్సరములకే ఆ రాష్ట్రమువారు ఆ మందునే అనుమతించిరి. నిన్నటి దోషము నేడు ఆచారమాయెను. అటుపిమ్మట చిరకాలము రాష్ట్రమున కొక నియమము, మైదానమున కొక వాడుకగా నడచెను. 2020 మార్చిలో ఇరువదిమందికి పైగా శిక్షకులు, వైద్యులు మొదలగువారిపై నిషిద్ధపు మందుల విషయమై కేంద్రప్రభుత్వము నేరము మోపెను. ఆ సంవత్సరమే దేశమంతటికి ఒకే నియమము నేర్పఱచు చట్టము పుట్టినది. 2021 మే 1వ తేదీన డెర్బీలో మొదట వచ్చిన మెడీనా స్పిరిట్ నమూనాలో బీటామెథజోన్ కనబడెను. చర్మవ్యాధికి పూసిన లేపనముద్వారా చేరినదని దాని పక్షమువారు చెప్పిరి. వివాదము తెగకముందే, ఆ డిసెంబరులో, పరుగు సాధనచేయుచు ఆ గుఱ్ఱము కూలి చచ్చెను. 2022 ఫిబ్రవరిలో దాని విజయము రద్దాయెను. చచ్చిన గుఱ్ఱమునకు బహుమానము పోయిననేమి, ఉన్ననేమి!

ఆ కొత్త చట్టముక్రింద మైదానపు భద్రతా నియమములు 2022 జూలైనుండియు, మందుల నియమములు 2023 మేనుండియు అమలునకు వచ్చినవి. ఆ సంస్థ పేరులోనే నిజాయితీయు, క్షేమమును కలవు. గుఱ్ఱము చచ్చినపుడు ఎందుకు చచ్చినదని విచారించుట, నొప్పిమందు ఇచ్చిన పిమ్మట ఇన్ని దినములు పరుగు కూడదనుట, పందెమునకు ముందు కాళ్ళను వైద్యుడు చూచుట అందలి యంశములు. ఇవి పందెగానికొఱకు పుట్టిన నియమములు కావు, గుఱ్ఱముకొఱకు పుట్టినవి. 1811లో తొట్టి కడ మొదలైన కథ గుఱ్ఱపు కాలి కడకు వచ్చుటకు రెండువందల ఏండ్లు పట్టినది.

మన చట్టమెట్లున్నది? జంతువులపట్ల క్రౌర్యమును నివారించు 1960 చట్టములోని 11వ సెక్షను హానికరమైన మందును జంతువునకు బుద్ధిపూర్వకముగా ఇచ్చుట నేరమనుచున్నది. తలంపు ఉత్తమమైనది. కాని మొదటి తప్పునకు జుల్మానా 10 రూపాయలకు తక్కువ కాక 50 రూపాయలకు మించరాదట! గుఱ్ఱము చచ్చినచో గుఱ్ఱపు వెలయంతయు కట్టుమన్న కౌటిల్యుని మాటను దీని ప్రక్కన పెట్టి చూడుడు. లక్షలు పలుకు గుఱ్ఱమునకు ఏబది రూపాయల రక్షణ! పందెగాని పక్షమున క్లబ్బుల నియమములు సంవత్సరములకొలది బహిష్కరింపగలవు. గుఱ్ఱము పక్షమున శాసనము ఒక పూట భోజనపు వెలకూడ విధింపజాలకున్నది. నియమము ఎవరికొఱకు పుట్టినదను మా ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన యుత్తరము అక్కఱలేదు.

ఇది ధనవంతుల వినోదము, మన కేమి సంబంధమని కొందఱందురు. మా చంద్రగిరి ప్రాంతమున సంక్రాంతి దినములలో పశువుల పండుగ జరుగును. ఎడ్ల కొమ్ములకు పలకలు గట్టి జనసమూహము నడుమ పరుగెత్తింతురు. కృష్ణా, గుంటూరు మండలములలో ఒంగోలు గిత్తలచేత బండలు లాగింతురు. తమిళదేశపు జల్లికట్టుపై 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఎడ్లకు మద్యము త్రాగించుట, కండ్లలో మంట కలిగించు పదార్థములు పూయుట మొదలగువానిని గూర్చిన నివేదికలు ఉదహరింపబడినవి. 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనము, తమిళనాడు తెచ్చిన సవరణచట్టమును సమర్థించి, ఆటను సాగనిచ్చెను. ఆట సాగవలెనా వద్దా యను వాదము అటులుండనిండు. సాగునంత కాలము, పశువు నోట ఏమి పోసిరను ప్రశ్న గుఱ్ఱమునకెంతయో ఎద్దునకును అంతే. మా తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల కలదు; 2005లో పశువైద్య విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఇట్టి ప్రశ్నలకు శాస్త్రజ్ఞులు దూరమున లేరు.

మఱికొందఱు సంస్కరణాభిమానులు, పందెమే చెడ్డదైనపుడు దాని నియమముల గొడవ మనకేల, మొత్తము మాన్పింపరాదా, అందురు. పందెపు చీట్లలో సంసారములు కాలిపోవుట మేము ఎఱుగనిది కాదు. ఇల్లాలి పుస్తె తాకట్టుపడిన యిండ్లను ఏ యూరనైనను చూపవచ్చును. పందెమును మెచ్చుటకు మేమీ వ్యాసము వ్రాయలేదు. కాని చట్టము అనుమతించి, ప్రభుత్వము పన్ను గైకొనుచున్నంత కాలము గుఱ్ఱము అక్కడ నుండక తప్పదు. పందెగానికి మానుకొను స్వేచ్ఛ కలదు. క్లబ్బునకు మూసికొను స్వేచ్ఛ కలదు. గుఱ్ఱమునకు ఏ స్వేచ్ఛయు లేదు. మనము ఆటను ద్వేషించుచు ముఖము త్రిప్పుకొనినచో, శిక్ష అనుభవించునది ఆటగాడు కాదు, గుఱ్ఱము.

కాబట్టి చదువరులు తమ ప్రతినిధులను, పత్రికలను అడుగదగిన కోరికలు కొన్ని మాకు తోచుచున్నవి. మొదటిది, మందు కనబడిన ప్రతి పరీక్షాఫలితమును గుఱ్ఱము పేరుతోను, మందు పేరుతోను నిర్ణీతకాలములో ప్రకటింపవలెను. రెండవది, పరీక్షించు సంస్థ పందెముపై లాభము పొందువారి చెప్పుచేతలలో ఉండరాదు. మూడవది, మైదానములో చచ్చిన ప్రతి గుఱ్ఱమును పశువైద్యులు పరీక్షించి కారణము వ్రాయవలెను. నాల్గవది, 1960 చట్టములోని జుల్మానాను గుఱ్ఱపు వెలతో ముడిపెట్టవలెను. పన్నుగా వచ్చు ధనములో కొంత భాగమును పందెములు మానిన గుఱ్ఱముల పోషణకు కేటాయించుటయు న్యాయమే.

మా తిరుచానూరిలో కార్తీక బ్రహ్మోత్సవములయందు అమ్మవారు అశ్వవాహనముపై ఊరేగునపుడు వేలకొలది జనులు చేతులు జోడింతురు. కొయ్యగుఱ్ఱమునకు పూలదండ వేయు దేశములో ప్రాణమున్న గుఱ్ఱపు నొప్పికి వెల ఏబది రూపాయలుగా నుండరాదు. ఈ సంగతిని ఇంటిలోని పెద్దలు పిల్లలతో మాటాడుదురుగాక. గుఱ్ఱము తన నొప్పిని చెప్పుకొనజాలదు గనుక, దాని పక్షమున మాటాడవలసిన బాధ్యత మనయందే యున్నది.